గులకరాళ్ళ ఎడారిలో గంట ఆగిన రోజు

కోవెంట్రీలో తెలుగువాళ్ళు కలిసినప్పుడు ఎవరైనా నేను పనిచేసిన చోటు గురించి అడిగితే, ఎడారిలో చిన్న హోటల్లో అని చెబుతాను. దుబాయా ఆంటీ, అంటారు. కాదమ్మా, ఇక్కడే, ఇంగ్లండులోనే అంటే నా వయసు చూసి నవ్వు ఆపుకుంటారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం పెద్దవాళ్ళు తమ అనుభవం ఏదైనా ఒకటి రాయాలని మన సంఘం వాళ్ళు అడిగారు. నేను చదివింది మూడో తరగతి. తప్పులు దిద్దిపెడతానని మా అమ్మాయి అంది. తప్పులు దిద్దు గానీ మాటలు మార్చొద్దు అని ముందే చెప్పాను. కాబట్టి ఇందులో కటువుగా ఏమైనా కనిపిస్తే అది నాదే.

కెంట్ తీరం చివర, భూమి సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన చోట, కనుచూపు మేరా గులకరాళ్ళే ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళే దాన్ని ఎడారి అంటారు, నేను పెట్టిన పేరు కాదు. చెట్టు ఉండదు. కంచె వేసుకోవడానికి అక్కడ ఎవరికీ అనుమతి లేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండంత గోడలతో అణు విద్యుత్ కేంద్రం, మధ్యలో చెదురుమదురుగా నల్లరంగు చెక్క ఇళ్ళు. నేను అనంతపురం జిల్లా దాన్ని. వాన రాని నేల ఎట్లా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. అయినా మొదటిసారి బస్సు దిగి ఆ రాళ్ళను చూసినప్పుడు దిగినచోటే ఆగిపోయాను. మా వైపు నేల ఎంత ఎండినా కాలికింద కదలదు. ఇక్కడ అడుగు వేస్తే నేల జారిపోతుంది. మనిషి నడిచి వెళ్ళిన గుర్తు కూడా మిగలదు. ఎవరైనా తప్పిపోతే ఏ పక్కకు వెళ్ళారని చూసి చెప్పడానికి ఏమీ ఉండదన్న ఆలోచన ఆ రోజే వచ్చింది. పని చూసుకో అని నన్ను నేనే కసురుకున్నాను.

హోటల్ కథ మా మేడమ్ దుప్పట్లు మడతపెట్టేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆమె మామగారి తండ్రి చేపలు పట్టేవాడు. రైల్వేవాళ్ళు పాతబడ్డ పెట్టెలు వదిలించుకుంటుంటే ఒకటి కొని, రాళ్ళమీదుగా లాగించుకొచ్చి అందులో కాపురం పెట్టాడు. పిల్లలు పుట్టేకొద్దీ పెట్టె చుట్టూ చెక్క గదులు కట్టుకుంటూ పోయాడు. ఆయన కోడలి కాలంలో అది టీ కొట్టు అయింది. తర్వాత పిట్టల్ని చూడటానికి వచ్చేవాళ్ళకు మంచం, బ్రెడ్డు, గుడ్డు ఇచ్చే సత్రంలాంటిది అయింది. భర్త పోయాక మేడమ్ గోడలకు తెల్లరంగు వేయించి, ఇత్తడి కుళాయిలు పెట్టించి, బొటీక్ హోటల్ అని బోర్డు తగిలించింది. గదులు పెరగలేదు, దిండ్లు పెరిగాయి. ఒక్కో మంచానికి అన్ని దిండ్లు ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు. మనిషికి తల ఒకటే కదా.

మా ఆయన పక్క ఊళ్ళో టేక్‌అవేలో వంట చేసేవాడు. ఆయన పోయేనాటికి మా అమ్మాయి చదువు సగంలో ఉంది. ఆ హోటల్లో వంట చేసే అతను కరీంనగర్ వైపు మనిషి, మా ఆయనకు స్నేహితుడు. అతనే మేడమ్‌తో చెప్పి నన్ను పెట్టించాడు.

“అక్కా, నీకు ఇంగ్లీషు రాదని పరేషాన్ గాకు. తక్కువ మాట్లాడేటోళ్ళంటేనే ఆమెకు ఇష్టం” అన్నాడు.

గదులు ఊడ్చడం, పక్కలు వేయడం, బట్టలు ఉతకడం నా పని. చిరిగిన దుప్పట్లు మేడమ్ పారేయమనేది. నేను పారేయలేదు. పొడుగు పట్టీలుగా చింపి, సంచిలో కుక్కి, స్టోరు గదిలో పెట్టేదాన్ని. వంటతను ఆ సంచి చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

“ఏందక్కా ఇవన్ని? ఊరందరికి కట్లు కడతవా?”

“నీ నోటికి కట్టడానికి” అనేదాన్ని.

ఇక ఆ హోటల్లో ఉన్న రెండు పద్ధతుల గురించి చెప్పాలి. జరిగిందంతా వాటివల్లే జరిగింది.

మొదటిది చెక్కలు. వెనకటి జాలర్లు రాళ్ళలో కాలు దిగబడకుండా బూట్లకింద వెడల్పాటి చెక్కలు కట్టుకుని నడిచేవాళ్ళట. మేడమ్ ఆ అలవాటును హోటల్లో నిలిపింది. వసారా గోడకు వరుసగా మేకులు, మేకుకు ఒక జత చెక్కలు, ఒక్కో అతిథికి ఒక్కో మేకు. బయటికి పోయేవాళ్ళు తమ జత తీసి కట్టుకుంటారు, తిరిగొచ్చాక విప్పి తమ మేకుకే తగిలిస్తారు. కాబట్టి మేకులను చూస్తే ఎవరు బయట ఉన్నారో తెలిసిపోతుంది. ఒకరి జతను ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకోకూడదని ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషువాళ్ళు ఒకరి కాలి చెప్పులు ఒకరు ముట్టుకోరు, అంతే. పద్ధతి అంతా దానిమీదే నిలబడి ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

రెండోది గంట. అక్కడ పొగమంచు సముద్రం మీదినుంచి వస్తుంది. వస్తున్నానని చెప్పదు. పక్కనున్న మనిషి మాట వినిపిస్తుంది, మనిషి కనిపించడు. గుమ్మం పక్క మూలలో పాత పడవ గంట ఒకటి వేలాడేది. మంచు పట్టగానే నేను వెళ్ళి దాన్ని మోగించాలి. అన్ని మేకులూ నిండేవరకు ఆపకూడదు. అతిథులు వచ్చిన రోజే మేడమ్ వసారాలో నిలబెట్టి చెప్పేది: “గంట వినిపిస్తున్నంతసేపు గంటవైపు నడవండి. గంట ఆగితే ఉన్నచోటే కూర్చోండి. మళ్ళీ మోగేవరకు లేవొద్దు.”

కూర్చోవడం ఎందుకంటే, గాలి తిరిగినప్పుడు గంట మోత ఆ విద్యుత్ కేంద్రం గోడకు తగిలి వెనక్కొస్తుంది. బయట ఉన్నవాళ్ళకు గంట సముద్రం వైపున మోగుతున్నట్టు వినిపిస్తుంది. వెనక ఒక పిట్టల ఆయన అట్లాగే గంటను నమ్ముకుని నడిచి నడిచి నీళ్ళలోకి దిగిపోయాడు. మేడమ్ భర్త వెళ్ళి చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు. అక్కడి సముద్రం మెల్లగా లోతు కాదు. రెండడుగులు వేస్తే మూడో అడుగుకు నేల అందదు. అందుకని గాలి తిరిగిందంటే మేడమ్ గంట ఆపించేది. ఇదంతా అతిథులకు అర్థమయ్యేలా చెప్పేది కాదు. వాళ్ళూ ఫోన్లలో ఫొటోలు తీసుకుంటూ తలలూపేవాళ్ళు.

ఒక శరదృతువులో, బడులకు హాఫ్ టర్మ్ సెలవులిచ్చిన వారం, వాట్‌ఫర్డ్ నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. మా హోటల్‌కు తెలుగువాళ్ళు రావడం అరుదు. ఆయనది ఐటీ ఉద్యోగం. ఆమె రాజమండ్రి వైపు అమ్మాయి. ఏడెనిమిదేళ్ళ పాప. కారు దిగేసరికే మొగుడూ పెళ్ళాలు ముఖముఖాలు చూసుకోవడం లేదు. ఆయనకు కార్డిఫ్‌లో కొత్త ఉద్యోగం వచ్చిందట, ఆమెకు వెళ్ళడం ఇష్టం లేదట. దారంతా అదే గొడవ.

నేను సూట్‌కేసు అందుకుంటూ “లోపలికి రాండమ్మా” అనగానే ఆమె ముఖం విప్పారింది.

“మీరు తెలుగువాళ్ళా ఆంటీ? చూడండి, సెలవులకి అందరూ ఎక్కడెక్కడికో వెళ్తారు. మమ్మల్ని ఈ రాళ్ళలోకి తీసుకొచ్చారీయన.”

“ఫొటోలు చూసి బాగుందన్నది నువ్వే కదా” అన్నాడాయన.

“ఫొటోల్లో దిండ్లు చూపించారు. రాళ్ళు చూపించలేదు.”

మేడమ్ వసారాలో మామూలు మాటలు చెప్పింది. తల్లీ తండ్రీ చెరో పక్కకు చూస్తున్నారు. పాప ఒక్కతే చెయ్యెత్తి అడిగింది, గంట ఆగేసరికి నేను గుమ్మం దగ్గరకు వచ్చేసి ఉంటేనో, అని. పాపకు తెలుగు అర్థమవుతుంది గానీ నోటికొచ్చేది ఇంగ్లీషే.

“అయినా కూర్చోవాలి” అంది మేడమ్. “రాయిలా కదలకుండా కూర్చోవాలి. ఇక్కడ ఇన్ని రాళ్ళున్నాయి. ఇంకో రాయి ఎక్కువైతే మాకేం ఇబ్బంది లేదు.”

తండ్రి నవ్వి నాతో “మా మాట ఒక్కటీ వినదండీ, ఈవిడ మాట వింటుందా” అన్నాడు. పాప నవ్వలేదు. పాప పెదవులు మెల్లగా కదలడం నేను చూశాను. బళ్ళో ఎక్కం ఒప్పజెప్పే ముందు లోపల చెప్పుకుంటారే, అట్లా.

మేడమ్ కూతురి చిన్నప్పటి చెక్కలు ఒక జత ఉండేవి. అవి పాపకిచ్చారు.

మర్నాడు భోజనాలయ్యాక మంచు పట్టింది. నేను పెరట్లో తాడుమీద దుప్పట్లు తీస్తున్నాను. ముందు ఒడ్డునున్న దీపస్తంభం పోయింది. తర్వాత విద్యుత్ కేంద్రం గోడ పోయింది. చేతిలో ఉన్న దుప్పటి రెండో కొస కనిపించకపోయేసరికి బుట్ట అక్కడే వదిలేసి గంట దగ్గరకు వెళ్ళాను.

గంట ఉన్న మూలలో నిలబడితే వసారా నా వీపు వైపుంటుంది. మోగిస్తూ ఉన్నాను. దుర్భిణీలు మెడలో వేసుకున్న ముసలి దంపతులు వచ్చారు. కాసేపటికి కెమెరాతో తిరిగే ఇంకో అతిథి వచ్చాడు. ఒక్కొక్కరు మంచులోంచి ఉన్నట్టుండి మనిషి ఆకారమై నా ముందుకు రావడం చూసి, అలవాటైన దాన్నే అయినా, ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేస్తూనే ఉన్నాను. వెనక్కి తిరిగి వసారాలోకి వెళ్ళి మేకులు చూశాను. నిండి ఉన్నాయి. చివరి మేకుకు చిన్న చెక్కలు కూడా ఉన్నాయి. గంట ఆపేశాను. ఉప్పు గాలికి తుప్పు పట్టకుండా, మోగించడం అయ్యాక గంట లోపల వేలాడే ఇనుప నాలుకను కొక్కెం నుంచి తీసి, తుడిచి, వంటింట్లో మిగిలిన నూనె కొంచెం పూసి పెట్టడం నా అలవాటు. ఆ రోజూ తీసి ఏప్రన్ జేబులో వేసుకున్నాను.

వంటింట్లో మా కరీంనగర్ తమ్ముడు పాప కోసం చాక్లెట్ పాలు కాచాడు. “అక్కా, పిల్లను పిలువరాదు. చల్లగయితే తాగదు” అన్నాడు.

గదికి వెళ్ళాను. తండ్రి ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు. “వాళ్ళమ్మ దగ్గరుంది” అన్నాడు తలెత్తకుండా. ముందుగదికి వెళ్ళాను. తల్లి కిటికీ దగ్గర కూర్చుని మంచు చూస్తోంది. “వాళ్ళ నాన్న దగ్గర లేదా?” అంది. ఇద్దరికీ మాటలుంటే ఆ సంగతి ఎప్పుడో తెలిసేది.

నేను కంగారు పడలేదు. చెక్కలు మేకుకు ఉన్నాయి కాబట్టి పాప లోపలే ఉంది. స్నానాల గదుల్లో చూశాం. మంచాల కింద చూశాం. ఇంటి మధ్యలో ఉన్న పాత రైలు పెట్టెలో పిల్లలు దాక్కునే సందులు చాలా ఉంటాయి. అక్కడా చూశాం. తల్లి మొదట కోపంగా పిలిచింది, తర్వాత బతిమాలుతున్నట్టు పిలిచింది. మేడమ్ వచ్చి, చెక్కలున్నాయి కదా, ఎక్కడో దాక్కునుంటుంది, అని వసారా వైపు చూపించింది.

తల్లి ఆ చిన్న చెక్కలను చూసి నిలబడిపోయింది.

“ఆంటీ” అంది.  “ఆంటీ, అవి నేను తగిలించాను.”

“ఎప్పుడు?”

“ఇందాక మంచు చూద్దామని ఇలా వచ్చాను. మెట్టుమీద బోర్లా పడున్నాయి. కాలి చెప్పులు బోర్లా పడుంటే ఇంట్లో గొడవలవుతాయంటారు కదా. అసలే మేం... అందుకని తీసి తగిలించాను.”

ఆమెను నేను ఏమనగలను? మెట్టుమీద బోర్లా పడున్న చెప్పులు చూసి తిరగేయకుండా దాటిపోయే చెయ్యి మనలో ఎవరికుంది? నేను ముందు చూసి ఉంటే నేనే తగిలించేదాన్ని. పాప ఆ చెక్కలు బరువని విదిలించి పడేసి, మామూలు బూట్లతో రాళ్ళలోకి పోయింది. నేను అందరూ వచ్చేశారని గంట ఆపేశాను. అప్పటికి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు.

తల్లి ఒక్క ఉరుకున గంట దగ్గరకు వెళ్ళి లోపలికి చెయ్యి పెట్టింది. చెయ్యి ఖాళీగా తిరిగింది.

“ఏదీ? ఇందులో ఉండేది ఏదీ?”

నేను జేబులోంచి తీయబోయాను. మేడమ్ నా మణికట్టు పట్టుకుంది. ఇంకో చేతి వేలు తడిచేసి గాలిలో పెట్టి చూసింది. ఆమె ముఖంలో రంగు లేదు. గాలి తిరిగింది, మోగించొద్దు, అంది. మోగిస్తే పాప లేచి నీళ్ళలోకి నడుస్తుంది, అంది. తీర రక్షక దళానికి ఫోను చేస్తానని లోపలికి పరుగెత్తింది. వాళ్ళు రావాలంటే ఆ మంచులో, ఆ దారిలో, ఎప్పటికొస్తారు?

“ఇవ్వండి ఆంటీ” అంది తల్లి.

“ఇప్పుడు మోగించకూడదమ్మా. గోడకు తగిలి సముద్రం పక్కనుంచి ఇనిపిస్తాది. పాప కూర్చోనుంటాది. గంట ఆగితే కూర్చోమని చెప్పినాది కదా ఆమె.”

“అది కూర్చోవడమేంటి? చెప్పులేసుకోమంటే వేసుకోదు. అన్నం తినమంటే తినదు. మీకు తెలీదు అదేంటో. ఇవ్వండి, మీకు దణ్ణం పెడతాను.”

“కూర్చోనుంటాది” అన్నాను. నా దగ్గరున్న సాక్ష్యం పెదవులు కదలడం ఒక్కటే. అది సాక్ష్యమేనా అని ఆ క్షణంలో నాకే అనుమానం వచ్చింది. పాప ఆ మాటలే అనుకుందో, ఏదైనా పాట పాడుకుందో.

ఆమె వంగి రాయి తీసుకుంది. అక్కడ రాళ్ళకేం కొదవ. ఆ రాయితో గంటను కొట్టబోతోందని అర్థమై నేను గంటను రెండు చేతులా వాటేసుకున్నాను. ఇనుము చల్లదనం రవిక దాటి లోపలికి దిగింది. ఆమె కొట్టింది. రాయి నా వేళ్ళమీద పడింది. గంట మోగలేదు, మొద్దుగా ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. నేను వదల్లేదు. ఇంకోసారి ఎత్తింది. అప్పుడు భర్త వెనకనుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అట్లాగే కూలబడింది.

ఆయన మంచులోకి పరుగెత్తబోయాడు. మా వంటతను కాలర్ పట్టుకుని ఆపాడు.

“సారూ, ఆగుండ్రి. మీరు పోతే ఇద్దర్ని వెతకాలె. పొద్దుగాల పాప ఆ పట్టాల మీద నడుస్తుంటే చూసిన. ఆడికే పోయుంటది.”

వెనకటి జాలర్లు చేపల బళ్ళను నీటి ఒడ్డునుంచి దారిదాకా తోసుకొచ్చిన సన్న పట్టాలు ఇంకా ఉండేవి, సగం రాళ్ళలో పూడిపోయి. పిల్లలకు పట్టా కనిపిస్తే దానిమీద చేతులు చాపుకుని నడవకుండా ఉండలేరు. అవి మా పెరడు పక్కనుంచి మొదలై సముద్రం గట్టు దగ్గర ఆగుతాయి.

“అక్కా, నీ చింపిరి సంచి యాడుంది?” అన్నాడు.

స్టోరులో అని చెప్పాను. పట్టీలన్నీ ముడులేశాడు, ఆరేసే తాడు కూడా విప్పి వాటికి కలిపాడు. ఒక కొస నడుముకు కట్టుకున్నాడు, ఇంకో కొస తండ్రి చేతిలో పెట్టాడు. “దొరికితే మూడుసార్లు గుంజుత. మీరు పిలువకుండ్రి. మన అరుపులు కూడ గోడకే తాకుతయ్” అన్నాడు. కాలితో పట్టాను తడుముకుంటూ రెండడుగులు వేశాడు, అంతే, లేడు.

 నేను గంటను వాటేసుకునే నిలబడ్డాను. తల్లి మళ్ళీ రాయి తీస్తుందని కాదు. వదిలితే నా చెయ్యే జేబులోకి పోయి నాలుక తీస్తుందేమోనని. ఎందుకంటే అంతసేపూ నా లోపల ఒకటే నడుస్తోంది. పాప కూర్చోకపోయి ఉంటే? గంట ఆగిందని భయపడి అటూ ఇటూ పరుగులు తీస్తుంటే? అప్పుడు గంట మోత తప్పుడు దిక్కునుంచే వినిపించనీ, అసలు ఏ దిక్కూ లేకపోవడం కంటే అదే నయం కదా? ఒకరి బిడ్డ ప్రాణం నా ఏప్రన్ జేబులో ఉంది. దాన్ని తీయకుండా పట్టుకోమని నాకెవరు చెప్పారు? మేడమ్ చెప్పింది, నిజమే. కానీ మేడమ్ లోపల ఫోను దగ్గరుంది. గంట దగ్గర ఉన్నది నేను.

తండ్రి చేతిలో పట్టీలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఏ గది దుప్పటి ఏదో నాకు గుర్తే. కొస వచ్చేసింది. తాడు బిగిసింది. ఆయన గుమ్మం కొయ్యకు కాలు తన్నిపెట్టి పట్టుకున్నాడు. బిగిసిన తాడు కొంచెం సేపు అట్లాగే ఉంది. తర్వాత ఒక్కసారిగా వదులైపోయింది.

“ఆంటీ, వదులైంది” అన్నాడు. “ఆయన లాగట్లేదు. వదులైంది.”

 ముడి ఊడిందా, మనిషి పడ్డాడా, నీళ్ళలో దిగాడా. నేను వేసిన ముడులు కావు అవి. ఆయన తాడును దగ్గరకు లాక్కుంటుంటే ఏ బరువూ లేకుండా రాళ్ళమీద గీసుకుంటూ వచ్చేస్తోంది. తల్లి లేచి నిలబడింది. నా కళ్ళలోకి చూసింది. ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు.

తాడు కొస మా కాళ్ళ దగ్గరకు వచ్చింది. ముడి ఊడలేదు. విప్పినట్టుంది. పట్టా ఇంకా ముందుకు ఉందని, తాడు చాలలేదని, అతను తనంతట తానే నడుము నుంచి విప్పేసి వెళ్ళాడు. ఇది తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసింది ఏమిటంటే, ఇద్దరు మనుషులు ఆ మంచులో ఉన్నారు, వాళ్ళకూ మాకూ మధ్య ఏమీ లేదు.

ఎంతసేపో చెప్పలేను. రాళ్ళమీద చప్పుడు వినిపించింది. అది ఏ దిక్కునుంచి వస్తోందో కూడా నమ్మడానికి లేదు. అందరం తలా ఒక దిక్కుకు చూస్తున్నాం. మా వంటతను పెరడు పక్కనుంచి వచ్చాడు. భుజంమీద పాప ఉంది. నడుము పైదాకా తడిసిపోయి, పళ్ళు పటపటలాడిస్తూ. తల్లి పాపను లాక్కుంది. అతను మెట్టుమీద కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆ మనిషి నోరు మూసుకుని ఉండగా చూడటం నాకు అదే మొదలు.

తర్వాత చెప్పాడు. పట్టా ఆగినచోట గట్టు దిగువన నీళ్ళ చప్పుడు వినిపించింది. బిడ్డా, బిడ్డా అని మెల్లగా పిలిచాడు. ముందు జవాబు లేదు. తర్వాత కాళ్ళ దగ్గర్నుంచే చిన్న గొంతు వచ్చింది: “ఐ కాంట్ కమ్. ద బెల్ స్టాప్డ్.” గట్టు దిగువన రాళ్ళలో మఠం వేసుకుని కూర్చునుంది. పోటు ఎక్కి నీళ్ళు ఒళ్ళోకి వచ్చేశాయి. అలకు అల ఇంకొంచెం పైకి ఎక్కుతోంది. పాప లేవలేదు.

తీర రక్షకులు వచ్చారు, చూశారు, పాపను దుప్పట్లలో చుట్టమన్నారు. వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టాం. నా రెండు వేళ్ళు వాచి వంకాయల్లా అయ్యాయి. చెయ్యి ఏప్రన్ కింద దాచుకుని నిలబడ్డాను. చల్లారిన చాక్లెట్ పాలు వంటతను మళ్ళీ వేడిచేసి ఇచ్చాడు.

“నీళ్ళొస్తాంటే లేసి పైకి రావొద్దా పాపా?” అన్నాను. కసిరినట్టే అన్నాను, నాకు వేరేగా మాట్లాడటం రాదు.

పాప నన్ను వింతగా చూసింది. “స్టోన్స్ గెట్ వెట్” అంది.

తర్వాత గుక్క తాగి మేడమ్‌ను అడిగింది, ఇంగ్లీషులోనే: నేను ఎంతసేపు కూర్చోవాలి?

మేడమ్ పాప భుజాలమీద దుప్పటి సర్దింది. తల్లి తలొంచుకుంది. వంటతను పొయ్యివైపు తిరిగిపోయాడు. పాప ఒకరి తర్వాత ఒకరిని చూసుకుంటూ వచ్చి చివరికి నా దగ్గర ఆగింది. గంట ఆపింది నేనని పాపకు తెలుసు. 

ఆ సాయంత్రమే వాళ్ళు వెళ్ళిపోయారు. కారెక్కేముందు తల్లి నా దగ్గరకు వచ్చింది. తిడుతుందో, చేతులు పట్టుకుంటుందో అనుకున్నాను. రెండూ చేయలేదు. నా వాచిన వేళ్ళు చూసి, “డాక్టరుకి చూపించండి ఆంటీ” అని వెళ్ళిపోయింది. కార్డిఫ్ వెళ్ళారో లేదో నాకు తెలియదు. ఆ వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

పిల్లలూ, ఈ కథను మా అల్లుడు విని, మీ నిర్ణయం సరైందే అత్తయ్యా, పాప బతికింది కదా, అన్నాడు. ఆయన మేనేజరు. వాళ్ళకు కథ చివర ఒక నిర్ణయం సరైనదై ఉండాలి. నేను గంట మోగించి ఉంటే పాప లేచి నీళ్ళలోకి నడిచేదేమో. లేదా లేచినందువల్లే పోటు నుంచి తప్పించుకునేదేమో. నేను మోగించనందువల్ల బతికిందో, మోగించకపోయినా బతికిందో ఎవరూ చెప్పలేరు. మా వంటతను తాడు విప్పడం ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఇది నేను రాసేదాన్నే కాదు.

మేడమ్ ఆ తర్వాత గంట తీసేసి అతిథులందరికీ తలో ఈల ఇచ్చింది. వసారాలో చెప్పే మాటలకు, నీళ్ళు కాలికి తగిలితే మాత్రం లేచి పైకి రండి, అని ఒకటి కలిపింది. అది చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆమె గొంతు మారేది. కొంతకాలానికి హోటల్ అమ్మేసింది. మొన్న మా అమ్మాయి ఫోనులో చూపించింది. కొత్తవాళ్ళు రైలు పెట్టెను భోజనాల గది చేశారు. ఆ చెక్కలమీద చీజ్ ముక్కలు పేర్చి తెచ్చి పెడుతున్నారు. దిండ్లు ఇంకా పెరిగాయి.

గంట నాలుక నా దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు ఏప్రన్‌తో పాటు ఇంటికొచ్చేసింది. గంటే తీసేశాక తిరిగివ్వబోతే మేడమ్ చేత్తో వద్దని సైగ చేసింది. మంచి ఇనుము, పారేయడానికి మనసొప్పలేదు. కోవెంట్రీలో దాంతోనే అల్లం దంచుకుంటున్నాను.

పోయిన వారం మా మనవణ్ణి జీపీ సర్జరీకి, అదే మా డాక్టరు క్లినిక్కుకి తీసుకెళ్ళాను. నేను రిసెప్షన్‌లో మాట్లాడాలి. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, “ఇక్కడే ఉండు, కదలొద్దు” అన్నాను. వాడు తలూపాడు. కాళ్ళు ఊపడం కూడా ఆపేశాడు. నేను రెండడుగులు వేసి వెనక్కి వచ్చాను.

“నేనొచ్చేవరకు ఉండు” అన్నాను. “నేను రాకపోతే లేసి నా దగ్గరికి రా. ఎవరన్నా కూర్చోమన్నా సరే, లేసి రా.”

వాడు ఇంగ్లీషులో, నువ్వు అక్కడే కదా అమ్మమ్మా కనిపిస్తున్నావ్, అని విసుక్కున్నాడు.

అవును, కనిపిస్తున్నాను. అయినా ఇంకోసారి చెప్పి వెళ్ళాను.